నికెల్ తీగ వేడిని ఎక్కడ కొలుస్తుంది?

ఫర్నేస్ లోపల 1000 డిగ్రీల వేడి ఉందని మీటర్ చూపిస్తుంది. ఆ మీటర్ దాకా వచ్చేది రెండు తీగల మధ్య పుట్టిన సుమారు 40 మిల్లీవోల్టుల వోల్టేజీ మాత్రమే. టార్చిలైట్‌లో వేసే ఒక సెల్ ఇచ్చేదాంట్లో దాదాపు నలభయ్యో వంతు. ఇంత చిన్న సంకేతాన్ని నమ్ముకునే ఉక్కు భాగాలను కాల్చి గట్టిపరుస్తారు, గ్యాస్ టర్బైన్ నుంచి బయటికొచ్చే వాయువుల వేడి మీద కన్నేసి ఉంచుతారు, అణు రియాక్టర్ లోపలి ఉష్ణోగ్రతలు తెలుసుకుంటారు. ఆ రెండు తీగలూ చాలాచోట్ల నికెల్ మిశ్రమలోహాలే. ఇన్ని లోహాలుండగా నికెల్‌నే ఎందుకు పట్టుకున్నారు? కొంతకాలం బాగా పనిచేసిన తీగ తర్వాత ఎందుకు తప్పు చూపిస్తుంది? ఈ రెండూ అర్థం కావాలంటే ముందు ఈ తీగల జత, అంటే థర్మోకపుల్ గురించి చాలామందిలో ఉన్న ఒక అపోహను పక్కన పెట్టాలి. (డిగ్రీలన్నీ ఇక్కడ సెల్సియస్‌లోనే.)

రెండు వేర్వేరు లోహాల తీగలు తీసుకుని ఒకవైపు కొసలు కలిపి వెల్డింగ్ చేస్తే థర్మోకపుల్ తయారైనట్టే. వెల్డింగ్ చేసిన కొసనే వేడిలో పెడతారు కాబట్టి వోల్టేజీ ఆ అతుకులో పుడుతుందని అనుకోవడం సహజం. అతుకులో ఏమీ పుట్టదు. తీగ పొడవునా ఎక్కడెక్కడ వేడి మారుతూ పోతుందో అక్కడక్కడే వోల్టేజీ పుడుతుంది. ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉన్న తీగలో ఎలక్ట్రాన్లు ఒకవైపుకు కాస్త ఎక్కువగా జరుగుతాయి. ఎంత జరుగుతాయి, ఎటు జరుగుతాయి అన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. రెండు తీగలూ ఒకే లోహమైతే రెండింట్లోనూ సమానంగా జరిగి తేడా సున్నా అవుతుంది. లోహాలు వేరైతే తేడా మిగులుతుంది, మీటర్ చదివేది ఆ తేడానే. రెండు తీగలనూ ఒకే వేడి దగ్గర కలిపి ఉంచడం వరకే అతుకు పని.

ఫర్నేస్ గోడను తలుచుకుంటే ఇది తేలిగ్గా బుర్రకెక్కుతుంది. లోపల గదిలో తీగ ఉన్నంత మేరా 1000 డిగ్రీలే ఉంటే, అక్కడ వేడిలో మార్పు లేదు కాబట్టి వోల్టేజీ లేదు. గోడ బయట గది వేడిలో ఉన్న భాగంలోనూ అంతే. 1000 నుంచి 60 డిగ్రీలకు పడిపోయేది ఇటుక గోడ మందంలో. దాదాపు మొత్తం సంకేతం అక్కడి జానెడు తీగలో తయారవుతోంది. ఎవరి కంటికీ కనపడని ఆ జానెడు తీగే అసలు సెన్సర్. దాని లోహం ఏ కారణంగా మారినా రీడింగ్ మారిపోతుంది, కొన కొత్తగా మెరుస్తున్నా సరే. థర్మోకపుల్ తీగకు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉండటం, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం. నికెల్ తీగల చరిత్ర అంతా ఈ ఒక్క గుణం కోసం పడిన తంటాలే అనవచ్చు.

ఈ విషయంలో అపోహ కొత్తదేమీ కాదు. 1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ రెండు లోహాలను కలిపి ఒక వలయం చేసి, ఒక అతుకును వేడిచేశాడు. దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడి నుంచి అయస్కాంత శక్తి పుట్టిందని ఆయన తేల్చాడు. వలయంలో పారుతున్నది విద్యుత్తని, ముల్లును కదిపింది ఆ విద్యుత్తేనని గుర్తించి దానికి థర్మో ఎలక్ట్రిసిటీ అనే పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఓయర్‌స్టెడ్. అయినా ప్రభావానికి సీబెక్ పేరే నిలిచింది.

వేడి కొలిచే తీగకు కావలసిన గుణాల జాబితా చిన్నదే గానీ, అన్నీ ఒకే లోహంలో దొరకడం కష్టం. డిగ్రీకి వచ్చే వోల్టేజీ బాగా ఉండాలి. గాలిలో ఎర్రగా కాలినా పొరలు పొరలుగా ఊడిపోకూడదు. సన్నటి తీగగా సాగాలి. వేడెక్కే దారిలో స్ఫటిక నిర్మాణం మారకూడదు. రాగి త్వరగా ఆక్సైడ్ అయిపోతుంది. ఇనుము తుప్పు సంగతి అలా ఉంచితే, 912 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. ప్లాటినం అన్నిటికీ తట్టుకుంటుంది. కానీ ప్లాటినం, ప్లాటినం-రోడియం జతతో చేసే ఎస్ టైప్ 1000 డిగ్రీల దగ్గర ఇచ్చేది 9.6 మిల్లీవోల్టులే, పైగా అది నగల లోహం. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగేదాకా దాని స్ఫటిక నిర్మాణం ఒకటే, తీగగా చక్కగా సాగుతుంది.

నికెల్‌కు ఇంకో విచిత్రమైన గుణం ఉంది. డిగ్రీ తేడాకు ఒక లోహంలో ఎంత వోల్టేజీ, ఎటువైపు పుడుతుందో చెప్పేది సీబెక్ విలువ. స్వచ్ఛమైన నికెల్‌కు అది నెగటివ్. అందులో పదో వంతు క్రోమియం కలిపితే అది పాజిటివ్‌కు మారిపోతుంది. అంటే ఒకే లోహం నుంచి రెండు వైపులకూ లాగే రెండు తీగలు తయారవుతాయి. ప్లాటినంతో పోల్చి 100 డిగ్రీల దగ్గర కొలిస్తే క్రోమియం కలిసిన తీగ 2.8 మిల్లీవోల్టులు పైకి, రెండో తీగ 1.3 మిల్లీవోల్టులు కిందికి లాగుతాయి. జత కడితే 4.1. డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. ప్రపంచంలో అత్యధికంగా వాడే కె టైప్ థర్మోకపుల్ ఇదే.

పాజిటివ్ తీగ పేరు క్రోమెల్: 90 శాతం నికెల్, 10 శాతం క్రోమియం. నికెల్-క్రోమియం మిశ్రమాలకు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఆయన వెతికింది హీటర్లలో ఎర్రగా కాలుతూ మాడిపోకుండా నిలిచే తీగ కోసం. ఈనాటి హీటర్ కాయిల్స్, టోస్టర్లు ఆ వెతుకులాట పుణ్యమే. అలా ఫర్నేస్‌ను కాల్చే కాయిల్, ఆ ఫర్నేస్ వేడిని కొలిచే తీగ దగ్గరి చుట్టాలయ్యాయి. నెగటివ్ తీగ అల్యూమెల్: దాదాపు 95 శాతం నికెల్, మిగతాది అల్యూమినియం, మాంగనీస్, సిలికాన్. ఈ మూడూ ఉన్నది తీగ ఆక్సైడ్ కాకుండా కాపాడటానికి. అవి ఇంకో పని కూడా చేస్తాయి. నికెల్ 358 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది, అక్కడ దాని వోల్టేజీ గీత వంకర తిరుగుతుంది. మిశ్రమం చేయడంతో ఆ మలుపు అల్యూమెల్‌లో 200 డిగ్రీల లోపుకు దిగింది. పూర్తిగా పోలేదు.

మామూలు గది వేడిలో అల్యూమెల్‌కు అయస్కాంతం అంటుకుంటుంది, క్రోమెల్‌కు అంటుకోదు. రంగులు మాసిపోయిన పాత కేబుల్లో ఏ తీగ ఏదో తేల్చడానికి టెక్నీషియన్లు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకునేది ఇందుకే. ఈ అలవాటు మంచిది, ఎందుకంటే రంగుల్ని నమ్మడానికి లేదు. అమెరికన్ పద్ధతిలో కె టైప్‌కు పసుపు పాజిటివ్, ఎరుపు నెగటివ్. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. మిగతా వైరింగ్‌లో ఎరుపంటే పాజిటివ్ అని అలవాటైన చెయ్యి అమెరికన్ కేబుల్ దగ్గర తప్పకుండా తడబడుతుంది.

తడబడితే ఏమవుతుందో చూస్తే, తీగంతా సెన్సరే అన్న మాట మళ్లీ రుజువవుతుంది. ఫర్నేస్ బయట థర్మోకపుల్ హెడ్ (తీగలను కేబుల్‌తో కలిపే పెట్టె) 60 డిగ్రీల వేడిలో, రీడింగ్ చూసి మంటను సరిచేసే కంట్రోలర్ 30 డిగ్రీల గదిలో ఉన్నాయనుకుందాం. ఆ రెండింటి మధ్య తీగలను పొడిగించే ఎక్స్‌టెన్షన్ కేబుల్లో 30 డిగ్రీల తేడా ఉంది, కాబట్టి అదీ కొలతలో భాగమే. అక్కడ మామూలు రాగి వైరు వేస్తే ఆ 30 డిగ్రీలు లెక్కలోంచి జారిపోతాయి. సరైన కేబులే వేసి రెండు చివరలా తీగలు తారుమారు చేస్తే ఇంకా ఘోరం: కలవాల్సిన 30 తీసివేతకు వెళ్లి, రీడింగ్ 60 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. వేడి పెరిగితే రీడింగ్ పెరుగుతూనే ఉంటుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒక చివరే తారుమారైతే రీడింగ్ వెనక్కి నడిచి వెంటనే దొరికిపోయేది. రెండు తప్పులు కలిసినప్పుడే పట్టుకోవడం కష్టం.

తయారీ వైపు అంతగా చర్చకు రాని సంగతి ఒకటుంది. కె టైప్ ప్రమాణం చెప్పేది మిశ్రమం వంటకం కాదు, ఏ డిగ్రీకి ఎన్ని మిల్లీవోల్టులు రావాలన్న పట్టిక. 100 డిగ్రీలకు 4.096, 1000కి 41.276. ఏ పాళ్లలో కలిపి ఆ పట్టికను అందుకుంటారన్నది తయారీదారు ఇష్టం. కొలిమి నుంచి వచ్చిన ప్రతి కరుగు, అంటే ఒక విడతలో కరిగించి తీసిన లోహం, కొద్దిగా తేడాగానే ఉంటుంది. కాబట్టి కాస్త ఎక్కువ లాగే క్రోమెల్ కరుగుకు కాస్త తక్కువ లాగే అల్యూమెల్ కరుగును వెతికి జత కడతారు. పెళ్లిసంబంధం కుదిర్చినట్టే. ఒక చుట్ట నుంచి పాజిటివ్ తీగ, సంబంధం లేని ఇంకో చుట్ట నుంచి నెగటివ్ తీగ తీసుకుని థర్మోకపుల్ చేస్తే రెండూ మంచివే అయినా జత పట్టిక నుంచి తప్పవచ్చు. మామూలు గ్రేడ్‌కు అమెరికన్ ప్రమాణం అనుమతించే తేడా 2.2 డిగ్రీలు లేదా కొలిచిన వేడిలో 0.75 శాతం, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. 1000 డిగ్రీల దగ్గర అంటే 7.5 డిగ్రీలు. అదీ కొత్త తీగకు మాత్రమే. వాడకం మొదలయ్యాక ఆ హామీ ఎవరూ ఇవ్వరు.

మిగతా జతల్లోనూ నికెల్ ఉంది. 55 శాతం రాగి, 45 శాతం నికెల్ ఉన్న కాన్‌స్టాంటన్ తీగ ఇనుముతో జతకడితే జె టైప్, రాగితో టి టైప్, క్రోమెల్‌తో ఈ టైప్. ఈ టైప్ డిగ్రీకి 60 మైక్రోవోల్టులు దాటి ఇస్తుంది, మామూలు జతల్లో అదే గట్టి గొంతు. వోల్టేజీ సంగతే పెట్టుకోకుండా తీగ రెసిస్టెన్స్ పెరుగుదలను బట్టి వేడిని చెప్పే సెన్సర్లలోనూ నికెల్ వాడతారు. ప్లాటినం రెసిస్టెన్స్ డిగ్రీకి 0.385 శాతం పెరిగితే నికెల్‌ది 0.6 శాతం పైనే పెరుగుతుంది. ఇక్కడ కూడా ఆ 358 డిగ్రీల అయస్కాంత మలుపే అడ్డం. అందుకే నికెల్ రెసిస్టెన్స్ సెన్సర్లు మోటారు వైండింగులు, ఏసీ యంత్రాల వంటి తక్కువ వేడి పనులకే పరిమితం.

ఇక తీగ ఎలా చెడుతుందో చూద్దాం. చెడటం అంటే తెగిపోవడం కాదు. తెగిన తీగ మేలు, కంట్రోలర్ అలారం కొడుతుంది. బాధంతా పనిచేస్తూనే తప్పు చూపించే తీగతో.

మొదటిది, సుమారు 250 నుంచి 550 డిగ్రీల మధ్య క్రోమెల్‌లో జరిగే మార్పు. అడ్డదిడ్డంగా పరచుకుని ఉన్న నికెల్, క్రోమియం పరమాణువులు ఆ వేడిలో నెమ్మదిగా ఒక వరసకు వస్తాయి. లోహ శాస్త్రంలో దీన్ని కె-స్థితి అంటారు, కె టైప్ పేరుకీ దీనికీ సంబంధం లేదు, అక్షరాలు కలిశాయంతే. వరస కుదిరిన తీగ కాస్త ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, రీడింగ్ కొన్ని డిగ్రీలు పైకి జరుగుతుంది. తీగను బాగా వేడిచేస్తే వరస చెదిరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. వినడానికి ప్రమాదం లేని మార్పులాగే ఉంది. ఇటుక గోడ సంగతి గుర్తుచేసుకుంటే అలా అనిపించదు. 1000 డిగ్రీల ఫర్నేస్‌లో ఉన్న ప్రతి థర్మోకపుల్‌లోనూ గోడ మధ్య ఎక్కడో ఒకచోట 250-550 డిగ్రీల ముక్క ఉండి తీరుతుంది. ఫర్నేస్ వేడి ఆ పరిధిని దాటినా తీగ దాటదు.

రెండోది గ్రీన్ రాట్, అంటే ఆకుపచ్చ కుళ్లు. క్రోమెల్ గాలిలో బాగానే బతుకుతుంది. ఆక్సిజన్ పూర్తిగా లేకపోయినా కొంతవరకు ఫర్వాలేదు. కొద్దికొద్దిగా ఉన్నప్పుడే ముప్పు. సుమారు 800 నుంచి 1050 డిగ్రీల మధ్య, ఆక్సిజన్ అరకొరగా ఉన్నచోట, నికెల్ జోలికి పోకుండా క్రోమియం మాత్రమే ఆక్సైడ్ అవుతుంది. తీగ పైన కాపుకాసే పొర కట్టడానికి చాలినంత ఆక్సిజన్ లేక ఆక్సైడ్ తీగ లోపలికి చొచ్చుకుపోతుంది. విరిచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. క్రోమియం పోయిన క్రోమెల్ తిరిగి నికెల్ వైపు, అంటే నెగటివ్ వైపు జరుగుతుంది. రెండు తీగల మధ్య తేడా తగ్గి రీడింగ్ పడిపోతుంది. పడిపోయిన రీడింగ్ చూసి కంట్రోలర్ మంట పెంచుతుంది. లోపలి సరుకు మాడుతున్నా తెర మీద అంకె మాత్రం సెట్ చేసినచోటే కదలకుండా నిలబడి ఉంటుంది.

అరకొర ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందంటే, తీగను కాపాడటానికి తొడిగిన గొట్టంలోనే. సన్నగా, పొడుగ్గా, చివర మూసిన గొట్టంలో ఉన్న కాస్త గాలిలోని ఆక్సిజన్ తీగల మీద ఆక్సైడ్‌గా ఖర్చయిపోయాక మిగిలేది సరిగ్గా ఈ పరిస్థితే. అందుకే గాలి ఆడేంత వెడల్పు గొట్టం వాడతారు, లేదంటే ఆ మిగిలిన ఆక్సిజన్‌ను కూడా మింగేయడానికి లోపల టైటానియం ముక్క వేస్తారు. అనుమానం వస్తే పరీక్ష చిన్నదే. కొత్త క్రోమెల్‌కు అయస్కాంతం అంటదు. తీసి చూసిన పాత పాజిటివ్ తీగకు అంటుకుంటే, క్రోమియం పోయి నికెల్ బయటపడిందన్నమాట. గంధకం ఉన్న వాయువుల్లో పరిస్థితి ఇంకా వేగంగా దిగజారుతుంది. నికెల్, గంధకం కలిసి తక్కువ వేడిలోనే కరిగే పదార్థం ఏర్పడి, లోహపు రేణువుల మధ్య దూరి తీగను పెళుసు చేస్తుంది.

ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది విడి తీగల్ని కాదు. సన్నటి లోహపు గొట్టంలో తీగల చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి సాగదీసిన కేబుల్‌ని వాడుతున్నారు. వంచడానికి వీలు, బయటి వాయువులు తగలవు. కానీ శత్రువు గొట్టం రూపంలోనే ఇంట్లోకి వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టంలోని మాంగనీస్ ఎక్కువ వేడిలో ఆవిరై, పొడిని దాటి తీగల్లోకి చేరుతుంది, వాటి కూర్పును మారుస్తుంది. కేబుల్ ఎంత సన్ననిదైతే దూరం అంత తక్కువ, చెడటం అంత త్వరగా. సన్నటి ప్రోబ్ త్వరగా స్పందిస్తుందని మురిసిపోయేవారు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఈ రోగాలన్నీ ఒక్కొక్కటిగా రాసుకుని, వాటికి మందుగా మిశ్రమాన్ని మొదటి నుంచి రూపొందించడమే ఎన్ టైప్. ఆస్ట్రేలియా రక్షణ శాఖ పదార్థ పరిశోధనశాలలో నోయల్ బర్లీ చేసిన పని ఇది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థతో కలిసి దాని వోల్టేజీ పట్టికలు 1978లో వెలువడ్డాయి. పాజిటివ్ తీగ నైక్రోసిల్‌లో 14.2 శాతం క్రోమియం, 1.4 శాతం సిలికాన్. క్రోమియం పెంచడంతో ఆక్సైడ్ తీగ లోపలికి చొచ్చుకుపోకుండా పైనే పొరగా కడుతుంది, పరమాణువులు వరసకు రావడం వల్ల వచ్చే తేడా కూడా తగ్గుతుంది. నెగటివ్ తీగ నిసిల్‌లో 4.4 శాతం సిలికాన్, 0.1 శాతం మెగ్నీషియం. మాంగనీస్, అల్యూమినియం లేవు. అయస్కాంత మలుపు గది వేడికన్నా కిందికి పోయింది, కాబట్టి కొలిచే దారిలో ఆ గతుకు ఉండదు. జేబులోని అయస్కాంతానికి మాత్రం ఇక్కడ పని లేదు. బయటి గొట్టాన్ని కూడా నైక్రోసిల్ లాంటి మిశ్రమంతోనే చేస్తే మాంగనీస్ బెడదా పోతుంది.

ఇంత మెరుగైనది వచ్చి దశాబ్దాలు గడిచినా కె టైపే రాజ్యమేలుతోంది. కారణం లోహంలో లేదు. కె పట్టిక ప్రకారం నడిచే కంట్రోలర్లు, గోడల వెంట వేసిన కేబుళ్లు, కనెక్టర్లు, స్టోర్‌లో ఉన్న నిల్వలు, టెక్నీషియన్ల చేతి అలవాటు, అన్నీ మారాలి. గది వేడి దగ్గర ఎన్ టైప్ డిగ్రీకి ఇచ్చేది 26 మైక్రోవోల్టులే, కెతో పోలిస్తే మూడింట రెండు వంతులు. 300 డిగ్రీలు దాటని పనికి ఎన్ టైప్ వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. కానీ 900 పైన నెలల తరబడి నడిచే కొత్త ఫర్నేస్‌కు ఇంకా కె టైపే రాసి పంపుతున్నారంటే, అది లెక్క చూసి చేసిన పని కాదు, పాత ఆర్డర్ కాగితాన్ని మళ్లీ కాపీ కొట్టడమే.

రియాక్టర్లలో నికెల్ నిలవడానికి కారణం వేరు. న్యూట్రాన్ల తాకిడికి రోడియం, టంగ్‌స్టన్, రీనియం క్రమంగా వేరే మూలకాలుగా మారిపోతాయి. అంటే తీగ కూర్పే మారుతుంది. నికెల్ మిశ్రమాల్లో ఆ మార్పు చాలా తక్కువ. అంత ఎక్కువ వేడిని తట్టుకోగల ఖరీదైన జతలు అక్కడ ఓడిపోయి, ఈ సాదా జత గెలిచింది.

చివరగా క్యాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే సంగతి. ఏడాది వాడిన థర్మోకపుల్‌ను ఫర్నేస్ నుంచి ఊడదీసి, ల్యాబ్‌కు పంపి సర్టిఫికెట్ తెప్పించుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. నికెల్ తీగల విషయంలో ఆ కాగితానికి పెద్ద విలువ లేదు. ఫర్నేస్‌లో వోల్టేజీ పుట్టింది గోడ మందంలోని ముక్కలో, అదే చెడిపోయింది. ల్యాబ్ కొలిమిలో దించే లోతు వేరు, కాబట్టి వేడి మారే చోటు వేరు. చెడిన ముక్క అక్కడ ఒకే వేడిలో ఊరికే ఉండిపోతుంది, దాని బదులు ఇంకా చెడని ముక్క పరీక్షకు కూర్చుంటుంది. పాసవుతుంది. తిరిగి తెచ్చి గోడలో పెట్టగానే పాత తప్పు మళ్లీ మొదలవుతుంది. వాడిన నికెల్ థర్మోకపుల్‌ను పరీక్షించాలంటే దాన్ని కదపకుండా, అదే లోతుకు, దాని పక్కనే ఒక కొత్త దాన్ని దించి రెండు రీడింగులూ పోల్చాలి. దానికి గోడలో రెండో రంధ్రం కావాలి. ఫర్నేస్ కట్టేటప్పుడు వదిలితే అది ఒక్క ఇటుక పని, కట్టాక తొలవాలంటే ఫర్నేస్ ఆపాలి.